గార్డు వీధిలో కొత్త గోడ

"జీపులో డీజిలు పోయించుకు రమ్మని డ్రైవర్ని పంపాను. వాడు రాగానే కుర్రాణ్ణి తీసుకెళ్ళిపోతాను. ఈలోగా చూసుకునేదేదో చూసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముట్టుకోవడం మాత్రం లేదు."

"ముట్టుకోకుండా సరుకు కొన్నవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు సార్," అన్నాడు తక్కెడ.

"ఇక్కడ కొనడానికేం మిగల్లేదయ్యా. అంగడి నిన్ననే మూసేశారు."

తక్కెడ నవ్వి ఊరుకున్నాడు. అంగడి మూసేశామని అంత గట్టిగా చెప్పేవాడు లోపల ఏదో సర్దుకుంటూ ఉంటాడని అతనికి అనుభవం. పాతికేళ్ళు పాత సామాన్ల కొట్టు నడిపినవాడు. దొంగసరుకు గుమ్మంలోకి వస్తుండగానే పసిగట్టేవాడని పేరు పడి, పోగొట్టుకున్నవాళ్ళంతా తన దగ్గరికే రావడం మొదలయ్యాక, అమ్మడం మానేసి వెతకడమే వృత్తిగా పెట్టుకున్నాడు. అసలు పేరు అడిగేవాళ్ళు లేరు. ఊరికంతటికీ తక్కెడే.

గది మేడ మీద ఉంది. కింద ఇంట్లోంచి ఒక మెట్లదారి, బయట వీధిలోంచి ఇంకో ఇనుప మెట్లదారి, రెండూ ఒకే తలుపు దగ్గర కలుస్తాయి. తలుపు దగ్గర కానిస్టేబులు నిలబడ్డాడు. గోడవారగా స్టూలు మీద, చేతులకు బేడీలతో, చనిపోయినాయన మేనల్లుడు కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ పని అతనిది. రాత్రంతా నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కనే అతని తల్లి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీస్తే వాణ్ణెవరో ఎత్తుకుపోతారన్నట్టు నిలబడింది. పొద్దున్నే తక్కెడ ఇంటికి పరుగెత్తుకొచ్చింది ఆవిడే. "తమ్ముడూ, మా అన్నయ్య ఎలాగూ పోయాడు. నా బిడ్డను కూడా పోగొట్టుకోలేను," అన్నది. బేరం అంతటితో అయిపోయింది.

చనిపోయినది ఆవిడ అన్న. రైల్లో గార్డు పని చేసి రిటైరైన మనిషి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉన్నదంతా ఈ గదిలోని బల్ల. నడుమెత్తు బల్ల రెండు గోడల వెంబడి సాగి ఉంది. దాని మీద యాభై ఏళ్ళ కిందటి స్టేషను వీధి మొత్తం, ఇంటికి ఇల్లు, గుమ్మానికి గుమ్మం. చుట్టూ చిన్న పట్టాలు, వాటి మీద ఒక పొగబండి ఇంజను, వెనకాల నాలుగు పెట్టెలు.

ఇన్‌స్పెక్టరు లెక్క చాలా తేలిక. ముసలాయన నిన్న సాయంత్రం బొమ్మరైలు నడుపుతూ పట్టాల మీద చెయ్యి వేశాడు. పట్టాల్లో ఉండాల్సింది పన్నెండు వోల్టుల కరెంటు, చీమనైనా చంపదు. కాని బల్ల కిందికి వంగి చూస్తే, బల్లదీపం తీగను కోసి, దాని చివరలు పట్టాలకు కలిపి ఉన్నాయి. గోడలోని కరెంటు సూటిగా పట్టాల్లోకి వచ్చింది. ఈ గదిలో వైరింగు చేసినవాడు మేనల్లుడు. ముసలాయన పోతే ఇల్లు దక్కేదీ మేనల్లుడికే.

"నేను నిన్న పొద్దున్నుంచి అచ్చాఫీసులో పని మీదున్నాను సార్. పదిమంది చూశారు," అన్నాడు మేనల్లుడు.

"పొద్దున్న బయల్దేరేముందే తీగ కట్టి పోయుంటావు. మందుపాతర పెట్టినవాడు పక్కనే కూర్చుంటాడా?"

తక్కెడ మనసులోనే తూచాడు. నిన్న సాయంత్రం ఇతను ఎక్కడున్నాడన్నది ఎందుకూ పనికిరాదు. తేలవలసింది ఒక్కటే. ముసలాయన పడిపోయాక, వీళ్ళు చూసేలోపల, ఈ గదిలో ఇంకెవరైనా ఉన్నారా? ఉన్నారని చూపించగలిగితే కుర్రాడు ఇంటికి, లేకపోతే జైలుకి.

"అక్కా, నిన్న సాయంత్రం మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్పను తమ్ముడూ! వంటింట్లో ఉన్నాను. రేడియో పెట్టుకున్నాను. అన్నయ్య కిందికొచ్చి కిరసనాయిలు సీసా తీసుకెళ్ళాడు. ఆ తర్వాత కాసేపటికి వార్తలు మొదలయ్యాయో లేదో, రేడియో నోరు మూసుకుంది. ఇంట్లో కరెంటు లేదు. పక్కింట్లో ఉంది. ఫ్యూజు పోయిందనుకున్నాను. 'అన్నయ్యా, పైన కూడా పోయిందా?' అని కేకేశాను. పలకలేదు. చెవుడు కదా, అనుకున్నాను. పైనే ప్రాణం పోతోందని నాకేం తెలుసు!"

"ఎంతసేపటికి వచ్చాడు వీడు?"

"అరగంటైనా అయ్యుంటుంది. చీకటి పడిపోయింది. టార్చి పట్టుకుని ఇద్దరం కలిసే పైకొచ్చాం."

"ఫ్యూజు వేసి వచ్చారా?"

"లేదు బాబాయ్," అన్నాడు మేనల్లుడు. "మావయ్య పలకడం లేదంది అమ్మ. ముందు పైకే వచ్చాం. ఇదిగో, ఇలా బల్ల మీద వాలి ఉన్నాడు. చూడగానే గోడమీద స్విచ్చులన్నీ ఆర్పేశాను. చేతి అలవాటు. ఇంక దేన్నీ ముట్టుకోలేదు."

"ఆయన చేతిలో ఏమైనా ఉందా?"

"పాతగుడ్డ పీలిక."

ఆ గుడ్డ, ముసలాయన కళ్ళజోడు, రెండూ కానిస్టేబులు దగ్గర కాయితం సంచిలో ఉన్నాయి. తక్కెడ సంచి మూతి దగ్గర ముక్కు పెట్టాడు. కిరసనాయిలు వాసన. కళ్ళజోడు ఇనుప చట్రం ఒకచోట కాలి నల్లబడింది. ఎడమవైపు అద్దం పగిలి సగం లేదు. మనిషి ముందుకు వాలగానే కళ్ళజోడు జారి రెండు పట్టాల మీదా అడ్డంగా పడింది. అప్పుడు లేచిన మెరుపుకే ఫ్యూజు పోయింది. అంటే వంటింట్లో రేడియో ఆగిన క్షణమే ఇక్కడ ఈయన పడిన క్షణం. ఒక లెక్క కుదిరింది.

"కడుపు నిండా వాసన చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చూశాను సార్. ఇందాకట్నుంచీ ఒక సందేహం. రైళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరినైనా అడగాలి."

"అందుకే డాక్టరుగారిని పిలిపించాను. నీకంటే ముందే నాకు తోచింది, తెలివి నీ ఒక్కడి సొత్తనుకోకు."

కిటికీ దగ్గర నిలబడ్డ పెద్దమనిషి తల తిప్పాడు. పళ్ళ డాక్టరు. స్టేషను వీధిలోనే ఆయన ఆసుపత్రి. గార్డుకి ఇరవై ఏళ్ళుగా స్నేహితుడు. ఇలాంటి రైళ్ళే ఆయనింట్లోనూ ఉన్నాయని ఊరందరికీ తెలుసు. ఆయన ముఖం బాగా వాడిపోయి ఉంది.

"నేనేం చెప్పాలో చెప్పేశాను," అన్నాడు డాక్టరు. "వైరింగు నాసిరకం. ఎప్పటికైనా ప్రమాదమేనని ఆయనతో అన్నాను కూడా."

"నా వైరింగు నాసిరకమా?" మేనల్లుడు స్టూలు మీదనుంచి లేవబోయాడు. "ఆ తీగ నేను కట్టింది కాదు! టేపు చుట్టకుండా ముడి వదిలేస్తానా నేను?"

"కూర్చో!" అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు ఈ గదిలోకి వచ్చి ఎన్నాళ్ళయింది డాక్టరుగారూ?" అని అడిగాడు తక్కెడ.

"రెండు వారాల పైమాటే. ఆసుపత్రిలో తీరిక లేదు."

"అయ్యో. ప్రాణస్నేహితులు కదా."

"పళ్ళనొప్పి స్నేహం కోసం ఆగదండీ."

తక్కెడ బల్ల మీదికి వంగాడు. గార్డు పనితనం అప్పుడు దగ్గరగా కనిపించింది. గుండుసూదులతో చేసిన దీపస్తంభాలు. దారప్పోగుల కళ్ళేలతో గుర్రబ్బళ్ళు. బట్టలకొట్టు మీద గోరంత బోర్డు, దాని మీద చదవగలిగే అక్షరాలు. మేడ మీద ఆరేసిన చొక్కా ఒకటి, దానికి ఒక చెయ్యి లోపలికి తిరగబడి ఉంది. పట్టాల వైపున్న గోడలన్నీ పొగచూరి నల్లగా, వీధి వైపున్నవి వెలిసిపోయి తెల్లగా. ఊరి ముసలివాళ్ళని కూర్చోబెట్టి, ఏ తలుపుకి ఏ రంగు, ఏ అరుగుకి ఎన్ని మెట్లు అని పీడించి పీడించి కట్టాడని చెప్పుకుంటారు. స్టేషనుకి నూరేళ్ళు నిండాయని, వచ్చేవారం ఈ వీధినంతా తీసుకెళ్ళి స్టేషను హాల్లో పెట్టబోతున్నారు.

వంగినవాడు లేవడంలో తక్కెడ మోచెయ్యి చివరి పెట్టెకు తగిలింది. పెట్టె పట్టాలు దిగి పక్కకు ఒరిగిపోయింది.

"ముట్టుకోవద్దన్నానా!" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"తప్పయిపోయింది సార్. ఒళ్ళు పెరిగింది, చూపు తగ్గింది. ఒరేయ్ అబ్బాయీ, ఇలా వచ్చి దీన్ని సరిగ్గా పెట్టు."

మేనల్లుడు బేడీల చేతులతోనే పెట్టెను ఎత్తి పట్టాల మీద పెట్టాడు. ముందు చక్రాలు కూర్చుంటే వెనకవి దిగాయి. వెనకవి సరిచేస్తే ముందువి అడ్డంగా తిరిగాయి. చెయ్యి వదలగానే పెట్టె మళ్ళీ బోర్లా పడింది. "నాకు రాదు బాబాయ్. మావయ్య మమ్మల్నెవర్నీ వీటిమీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు."

"అక్కా, నువ్వు?"

"నేనా? దుమ్ము దులిపినా కేకలేసేవాడు."

మేనల్లుడు మూడోసారి ప్రయత్నించాడు. ఇనుము మీద ఇనుము గీరుకున్న చప్పుడైంది.

"అబ్బబ్బ, అలా కాదోయ్, అంచులు అరిగిపోతాయి!" డాక్టరు రెండడుగుల్లో వచ్చి, పెట్టెను అందుకుని, ఒక వైపు కొంచెం వాల్చి, బొటనవేలితో చక్రాల్ని తిప్పి, ముందుకు ఇంత తోశాడు. టక్కుమని కూర్చుంది. అంతటితో ఊరుకోలేదు. ముందున్న పెట్టెకు కొక్కెం తగిలించి, వరస వంకర లేకుండా సరిచేసి, అప్పుడు చెయ్యి తీశాడు.

"భేష్," అన్నాడు తక్కెడ. "చేతిలో విద్య అంటే అదీ. పడిపోయిన బండిని చూస్తే మీకు మనసొప్పదు కదూ?"

"ఎవరికి ఒప్పుతుంది?"

"గార్డుగారికీ ఇంతేనా?"

"నాకంటే ఎక్కువ."

"అయితే ఇంకొకటి చెప్పండి. పట్టాలు కిరసనాయిలు గుడ్డతో తుడుస్తారు కదా. బండి పట్టాల మీద ఉండగా తుడుస్తారా, తీసేసి తుడుస్తారా?"

డాక్టరు కొక్కెం మళ్ళీ సరిచూశాడు. ఇన్‌స్పెక్టరు విసుగ్గా, "ఏమిటయ్యా ఈ సొద? తీసేసే తుడుస్తారు, అందులో అడగడానికేముంది? ఇల్లు తుడిచేవాడు చాప ఎత్తడా?" అన్నాడు.

"అదే సార్. మీ నోటితోనే అన్నారు." తక్కెడ గొంతు మారలేదు, తెచ్చిపెట్టుకున్న అమాయకత్వం మాత్రం పోయింది. "గార్డుగారు కిందికెళ్ళి కిరసనాయిలు తెచ్చుకున్నారు. గుడ్డ తడిపారు. ఒక అరచెయ్యి ఒక పట్టా మీద ఆన్చి, రెండో చేత్తో రెండో పట్టా తుడుస్తున్నారు. పోయేటప్పటికి గుడ్డ చేతిలోనే ఉంది. అంటే బండి అప్పుడు పట్టాల మీద లేదు. ఈ బల్ల మీదే ఎక్కడో పక్కన పడుకోబెట్టి ఉండాలి. మరి ఇప్పుడిలా దర్జాగా పట్టాలెక్కి నిలబడిందేం? దీన్నెవరు ఎక్కించారు?"

ఇన్‌స్పెక్టరు వంగి బండిని చూశాడు.

"తుడవడం అయిపోయి ఆయనే పెట్టి ఉండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంకొంచెం మరకుంటే మళ్ళీ గుడ్డ తీసి ఉండొచ్చు. నీలాంటివాడికి ఒక పీలిక దొరికితే పంచె నేసేస్తాడు."

"సరే, పీలిక వదిలేద్దాం. డాక్టరుగారూ, గోడలోని కరెంటు పట్టాల్లోకి వస్తే, వాటి మీద నిలబడ్డ ఇంజను ఏమవుతుంది?"

"ఏమవుతుంది... దెబ్బ తింటుంది."

"దెబ్బ తినడమేంటి డాక్టరుగారూ, మోటారు మాడి బొగ్గయిపోతుంది!" అని అరిచాడు మేనల్లుడు. ఆ మాటతో తనకేం ఒరుగుతుందో అతనికింకా తెలీదు, తన పనికి సంబంధించిన మాట కాబట్టి అనేశాడు. "ఒక్క క్షణం చాలు."

"డాక్టరుగారూ?"

"అవును," అన్నాడు డాక్టరు నెమ్మదిగా.

కానిస్టేబులు చూస్తుండగా దీపం తీగను పట్టాలనుంచి విడదీసి, కింద ఫ్యూజు వేయించారు. మేనల్లుడు చెప్పినట్టు తక్కెడ పన్నెండు వోల్టుల మామూలు కరెంటు పెట్టెను పట్టాలకు కలిపి, దాని మీది గుండీని తిప్పాడు. ఇంజను ఒకసారి వణికింది. తర్వాత తన నాలుగు పెట్టెల్నీ లాక్కుంటూ స్టేషను ముందునుంచి, గుర్రబ్బళ్ళ పక్కనుంచి, యాభై ఏళ్ళ కిందటి వీధి చుట్టూ మెల్లగా తిరిగొచ్చింది. ముసలాయన చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మాడలేదు," అన్నాడు తక్కెడ. "కాబట్టి ఆ కరెంటు పారుతున్నప్పుడు ఈ బండి పట్టాల మీద లేదు. ఫ్యూజు పోయాక ఎక్కింది. ఫ్యూజు పోయేసరికి గార్డుగారు లేరు. చనిపోయిన మనిషి బండిని పట్టాలెక్కించడు సార్."

ఇన్‌స్పెక్టరు మీసం కొరికాడు. కింద వీధిలో జీపు వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది.

"జీపొచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నీ లెక్క బాగానే ఉంది. కాని కూడిక తప్పింది. తల్లీ కొడుకూ కలిసి పైకొచ్చారు. ఇద్దరూ కలిసే ఎక్కించి ఉంటారు. లే రా!"

"ఎవరు ఎక్కించారు?" ఆవిడ గొంతు ఒక్కసారి లేచింది. "మా అన్నయ్య శవం పక్కన నిలబడి రైలాట ఆడుకున్నామా మేం? నీకు అక్కచెల్లెళ్ళు లేరా నాయనా?"

ఇన్‌స్పెక్టరు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. మేనల్లుణ్ణి జబ్బ పట్టుకుని లేపాడు. తక్కెడ దగ్గర ఇక సమయం లేదు. బేరం తప్పిపోతున్నప్పుడు సరుకు వైపు కాదు, సరుకుతో రోజూ కలిసి బతికినవాళ్ళ వైపు చూడాలి. ఆవిడ వైపు తిరిగాడు.

"అక్కా, ఏడవకు, ఒక్కసారి ఈ వీధి చూడు. రోజూ చూసే వీధే కదా. మొన్నటికీ ఇవాళ్టికీ ఏదైనా తేడా ఉందా? కంగారు పడకు. ఒక చివరనుంచి నడుచుకుంటూ రా."

"ఇప్పుడు వీధి చూడమంటాడేంటి వీడు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని వంగింది. వేలు గాల్లోనే కదిలిస్తూ స్టేషను దాటింది, సోడాకొట్టు దాటింది, బట్టలకొట్టు దగ్గరకొచ్చి ఆగింది.

"ఇక్కడ గోడ ఎక్కడిది?"

"ఏ గోడక్కా?"

"ఇదే! బట్టలకొట్టుకీ లాడ్జికీ మధ్య సందు కదా ఇది. చిన్నప్పుడు నేను ఈ సందులోంచే బడికి పోయేదాన్ని. పోయిన నెల అన్నయ్య నన్నిక్కడ కూర్చోబెట్టి, సందులో రాళ్ళు పరిచి ఉండేవా, మట్టేనా అని గంటసేపు చంపుకు తిన్నాడు. రాళ్ళని చెబితే మెంతిగింజలు అతికించాడు. ఇదేంటి, సందు మొగలో గోడ కట్టేశారు?"

తక్కెడ ఆ గోడ మీద గోరు పెట్టి గీశాడు. తర్వాత పక్కనున్న బట్టలకొట్టు గోడ మీద గీశాడు. కొట్టు గోడ మెత్తగా లొంగింది. అట్టముక్క. ఊళ్ళోని ఇళ్ళన్నీ అట్టతో, అగ్గిపుల్లలతో కట్టినవే. ఈ గోడ ఒక్కటే గోరుకి లొంగలేదు. పైన బూడిదరంగు లేచిపోయి, లోపల గట్టిగా, పచ్చగా, రాయిలాంటిది బయటపడింది.

"ఇది పళ్ళసెట్లకు అచ్చులు పోసే పిండి," అన్నాడు తక్కెడ. "మా కొట్టులో పాత పళ్ళసెట్లు కూడా కొనేవాణ్ణి లెండి. నవ్వకండి, అమ్ముడయ్యేవి. అచ్చులతో సహా తెచ్చేవాళ్ళు. పచ్చరాయిలా ఉండేది ఇదే."

చాకు తీసి గోడ అడుగున దూర్చాడు. జిగురు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, సాగి విడిపోయింది. గోడను తిరగేశాడు. అడుగున, జిగురులో సగం మునిగి, బియ్యపుగింజంత గాజుముక్క మెరిసింది. అటూ ఇటూ తిప్పితే దాని వంపు తెలుస్తోంది.

"కళ్ళజోడు అద్దం. ఆయన పడ్డప్పుడు పగిలి, చిట్లి, సందులో పడింది. పడ్డాక దాని మీద గోడ అతికించారు. వీళ్ళ దగ్గర ఈ పిండి లేదు, ఈ పని రాదు, ఈ సందు మూయాల్సిన అవసరమూ లేదు. ఈ సందు ఉన్నచోట ఇప్పుడేముందో చెప్పమంటారా సార్? పళ్ళ ఆసుపత్రి వరండా."

ఇన్‌స్పెక్టరు వంగి గాజుముక్క చూశాడు. తర్వాత మేనల్లుడి జబ్బ వదిలేశాడు. గొంతు సవరించుకుని, ఎంతో పద్ధతిగా అన్నాడు: "సాక్ష్యం దొరికింది కాబట్టి గదిలో జనం ఉండకూడదు. కానిస్టేబుల్, ఈవిడను కిందికి తీసుకెళ్ళు. ఆ సంచి ఇలా ఇచ్చిపో. నేను పిలిచేదాకా ఎవరూ పైకి రాకూడదు."

ఇప్పటికి మనిషి దారికొచ్చాడనుకున్నాడు తక్కెడ. ఆవిడ కొడుకు వైపు వెనక్కి వెనక్కి చూసుకుంటూ దిగిపోయింది. ఇన్‌స్పెక్టరు తలుపు మూసి గడియ పెట్టాడు.

డాక్టరు బల్ల అంచు పట్టుకుని కూలబడ్డాడు. "ఎంత బతిమాలానో! ఆ ఒక్క సందు తీసెయ్యమన్నాను. మా నాన్న ఎప్పుడో కలిపేసుకున్న సందు. ఊరు మర్చిపోయిన సందు. ఆసుపత్రి కొనడానికి మనుషులొస్తున్నారు, వచ్చేవారం స్టేషను హాల్లో ఊరంతా దీన్ని చూస్తే ఏమవుతుంది? 'ఉన్నది ఉన్నట్టు కడతాను' అంటాడు! ఉన్నది ఉన్నట్టు!" చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ఆయన కిరసనాయిలుకని కిందికెళ్ళినప్పుడు ఇనుప మెట్లెక్కి వచ్చి తీగ కలిపాను. ఆయన పడిపోయాక గోడ పెట్టి పోదామనుకున్నాను. ఇంజను పక్కకు ఒరిగి పడి ఉంది. దాన్నలా వదిలేసి పోలేకపోయాను. ఎందుకు ఎక్కించానో నాకే తెలీదు." తల పైకెత్తాడు. అతను చూసింది తక్కెడ వైపు కాదు. "బావా, ఏం కాదన్నావు కదా! కుర్రాడి మీదికి తోసేస్తే సరిపోతుందన్నావు కదా! ఇప్పుడేం చేస్తావు బావా?"

బావా.

తక్కెడ గోడముక్కను పిడికిట్లో బిగించాడు. ఇన్‌స్పెక్టరు ఈ ఊరికి బదిలీ మీద వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. డాక్టరు భార్యది ఏ ఊరో ఎవరూ అడగలేదు. 'నీకు అక్కచెల్లెళ్ళు లేరా' అన్నప్పుడు అతని ముఖం ఎందుకు కందిందో ఇప్పుడు తెలిసింది. సాక్షుల్ని కిందికి పంపింది పద్ధతి కోసం కాదు. గడియ పెట్టింది లోపలినుంచి.

"ఆ గోడముక్క ఇలా ఇవ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఒక చెయ్యి చాచాడు. రెండోది నడుము దగ్గర, తుపాకీ ఉన్న తోలుసంచి గుండీ మీద ఉంది. "నిందితుడు తప్పించుకోబోయాడు. పెనుగులాట జరిగింది. అడ్డొచ్చినవాడికీ తగిలింది. రాసుకోవడానికి నాకు నాలుగు వాక్యాలు చాలు."

మేనల్లుడు తక్కెడ వెనక్కి జరిగాడు. బేడీల గొలుసు గలగలమంది.

తక్కెడ లెక్క వేసుకున్నాడు. గోడ ఇస్తే కుర్రాడు జైలుకి, తను గోతిలోకి. ఇవ్వకపోయినా అంతే. ఈ గదిలో ఏ బేరమూ నష్టమే. నష్టపు బేరం తప్పించుకోవడానికి వ్యాపారికి ఉన్నది ఒకటే దారి: నాలుగు గోడల మధ్యనుంచి బేరాన్ని నడివీధిలోకి ఈడ్చుకురావడం.

ఒక్క అడుగులో కిటికీ దగ్గరికి చేరి రెండు రెక్కలూ తోశాడు. కింద చావింటి ముందు జనం గుమిగూడి ఉన్నారు.

"రండి బాబూ రండి! అందరూ పైకి రండి!" సంతలో గొంతు చించుకున్న రోజుల కేక అది. వీధి ఈ చివరనుంచి ఆ చివరకు మోగింది. "గార్డుగారిని చంపిందెవరో ఇన్‌స్పెక్టరుగారు పట్టేశారు! సొంత బంధువని కూడా చూళ్ళేదు! పళ్ళ డాక్టర్ని రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకున్నారు! రండి, మీ కళ్ళతో చూడండి!"

కింద కలకలం. ఇనుప మెట్లు దడదడలాడాయి.

తక్కెడ వెనక్కి తిరిగాడు. తుపాకీ బయటికొచ్చి ఉంది. గొంతు మాత్రం కొట్టుమీద కూర్చున్నప్పటిలాగే ఉంచాడు.

"పేరంతా మీకే ఇచ్చేశాను సార్. పేపర్లో ఫోటో మీదే పడుతుంది. ఒక్క పైసా నేను అడగను. ఇంతకంటే మంచి ధర ఇంకెవరూ చెప్పరు. పదిమంది తలుపవతల ఉండగా నాలుగు వాక్యాలు సరిపోవు, నలభై రాసినా చాలవు. గడియ తియ్యండి."

తలుపు మీద పిడికిళ్ళు పడ్డాయి. "సార్! సార్!" అని కానిస్టేబులు గొంతు. "ఒరేయ్ నాన్నా!" అని తల్లి గొంతు.

"బావా..." అన్నాడు డాక్టరు.

ఇన్‌స్పెక్టరు అతని వైపు చూడలేదు. తుపాకీ మళ్ళీ సంచిలోకి పోయింది. జేబులోంచి తాళంచెవి తీసి మేనల్లుడి బేడీలు విప్పి, అవే బేడీలు తీసుకెళ్ళి డాక్టరు చేతులకు వేశాడు. అప్పుడు తక్కెడ చెవి దగ్గరకొచ్చి, తలుపు చప్పుళ్ళ మధ్య అతనికొక్కడికే వినపడేటట్టు అన్నాడు:

"ఇంటికెళ్ళగానే మా చెల్లెలు అడుగుతుంది, తన మొగుడెక్కడని. అప్పుడు నేను నీ పేరే చెబుతాను. చెప్పి, ఈ ఊళ్ళోనే ఉంటాను. ఇంకా రెండేళ్ళుంటాను."

గడియ తీశాడు. తలుపు భళ్ళుమని తెరుచుకుంది. తల్లి అందర్నీ తోసుకుంటూ వచ్చి కొడుకు మణికట్లు రెండూ పట్టుకుంది, బేడీలున్నచోట ఎర్రగా కమిలిన గీతల్ని బొటనవేళ్ళతో రుద్దుతూ ఉండిపోయింది. జనం ఇన్‌స్పెక్టరు చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యనుంచి అతని చూపు తక్కెడ మీదనుంచి కదల్లేదు.